రంగం పిస్తోలుకు బోరింగు తోలు

పోయిన నెల టెక్కలిలో మా ఇంటికి కొరియరులో ఒక చిన్న కవరు వచ్చింది. చింపి చూస్తే ప్లాస్టిక్ సంచీ, అందులో గిన్నెలా వంచిన తోలు వాషరు ఒకటి. యంత్రం మీద కోసినట్టున్నారు, అంచు ఎక్కడా చెదరలేదు. ఫోనులో బొమ్మలు చూసి, పేరు కొట్టి, మా పిస్తోలుకు సరిపోయే వాషరు ఇదేనని తేల్చుకుని, డబ్బు కట్టేయడం అంతా పొయ్యి మీద పప్పు ఉడికేలోపు అయిపోయింది. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. ఆ కవరు మీదా, దాని మీద అతికించిన చారల కాగితం మీదా కూడా మండింది. మా చిన్నాన్న కుడి చెయ్యి ఆయనకు ఉన్నన్నాళ్ళూ ఈ వాషరు ఎక్కడుంది?

పిస్తోలు అనగానే సినిమా ఊహలు పెట్టుకునేవాళ్ళకు ముందే చెప్పేస్తాను. అది మందుగుండుది కాదు, గాలి పిస్తోలు. గొట్టాన్ని కిందికి విరిచి మళ్ళీ మూస్తే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కితే పిస్టన్ ముందుకు దూకి గాలిని తోస్తుంది, ఆ గాలి సెనగగింజకన్నా చిన్నదైన సీసపు గుండును తోస్తుంది. అట్టముక్కకు చిల్లు పెట్టడం దాని పని, గురి పందేల కోసం చేసిన వస్తువు. పిస్టన్ తలకు తొడిగిన తోలు వాషరు గాలిని పక్కలకు జారనివ్వకుండా ఆపుతుంది. ఆ తోలు పోతే పిస్తోలు వట్టి ఇనప ముక్క.

దాన్ని మా తాత రంగం నుంచి తెచ్చాడు. రంగూన్‌ను మా ఉద్దానం తీరం వాళ్ళు రంగం అనేవారు. ఆ కాలంలో ఇంటికొకరు అక్కడికి కూలికి వెళ్ళినవాళ్ళే. మా తాతకు దొరల క్లబ్బులో అట్టలు కట్టే పని దొరికింది. దొరలు కాల్చగానే పరుగెత్తి వెళ్ళి చిల్లు ఎక్కడ పడిందో అరిచి చెప్పాలి. యుద్ధం వచ్చి దొరలు ఎటువాళ్ళటు పారిపోతే, అట్టలు కట్టినవాడి చేతిలో పిస్తోలు మిగిలింది. దొర ఇచ్చాడని తాత చెప్పేవాడు. ఎత్తుకొచ్చాడని మా నాయనమ్మ చెప్పేది. ఇద్దరిలో నాయనమ్మ మాటే నాకు నమ్మకం.

పలాస నుంచి అక్కుపల్లి వెళ్ళే దారిలో, గాలి తిరిగినప్పుడల్లా సముద్రం హోరు వినపడేంత దూరంలో మా ఊరు. జీడితోట, కొబ్బరితోట, మధ్యలో ఒకే వసారా కింద రెండు వాటాల ఇల్లు. ఒక వాటాలో మేము, రెండో దాంట్లో చిన్నాన్న. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, చిన్నతనంలోనే భార్య పోయింది, మళ్ళీ చేసుకోలేదు. ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ వేరువేరుగా చెప్పగలను. పొద్దున్న పనసాకు మంట, మధ్యాహ్నం జీడిపిక్కలు కాల్చే పొగ, సాయంత్రం అక్కుపల్లి వైపు నుంచి ఎండుచేపల గాలి. ఆదివారాలు మాత్రం వీటన్నిటి మీదా ఒక సన్నటి నూనె వాసన ఉండేది. చిన్నాన్న తలస్నానం చేసి, ఉతికిన బనీను తొడుక్కుని, పాత పెళ్ళి శుభలేఖ ఒకటి తిరగేసి జీడిచెట్టుకు గుచ్చి, మధ్యలో బొగ్గుతో చుక్క పెట్టేవాడు. పసుపు రాసిన కాగితం మీద కాల్చకూడదని నాయనమ్మ గోల పెట్టేది. "పెళ్ళయిపోనాది కదే అమ్మా, ఇప్పుడేటి," అనేవాడు. కుడి చెయ్యి చాచి నిలబడితే ఆయన చుట్టూ ఉన్నవన్నీ ఆగిపోయినట్టుండేది. మేము పిల్లలం, కోళ్ళు, చివరికి నాయనమ్మ నోరు కూడా.

మా నాన్నకు ఆ వస్తువంటే పడేది కాదు. ఆయన తోట మనిషి. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా వైపు పరిస్థితులు బాగోలేవు. ఒక రాత్రి అడవిలోంచి కొందరు వచ్చి, మీ ఇంట్లో తుపాకీ ఉందట, ఇవ్వండని అడిగారు. వారం తిరక్కుండా పోలీసులు వచ్చి అదే మాట అడిగారు. గాలిదా మందుదా అన్న తేడా వాళ్ళకూ అక్కర్లేదు, వీళ్ళకూ అక్కర్లేదు. మా నాన్న ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాడు, సముద్రంలో పారేశానని. తమ్ముడికీ అదే జవాబు చెప్పాడు. చిన్నాన్నకు అబద్ధం ఆడడం రాదు. ఎవరైనా గట్టిగా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాడని నాన్న భయం. ఆ సంగతి మాకు తరవాతెప్పుడో తెలిసింది. ఆ రోజు మాకు వినబడింది వసారాలో కేకలే.

"నాన్న రంగం నుంచి మోసుకొచ్చింది. నన్నొక్క మాట అడగాల్సిన పన్నేదా?"

"అడిగితే నువ్విచ్చీసేవాడివా? ఆడపిల్లున్న కొంపరా ఇది!"

అంతే. ఆ పొద్దు నుంచి అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. ఒకే బోరింగు నీళ్ళు, ఒకే వసారా, మాటలు మాత్రం మా అమ్మ మీదుగా నడిచేవి. "ఆ మాస్టారికి సెప్పు, రేపు కాయలు దింపుతున్నారని," అని నాన్న. పక్కనే కూర్చున్న చిన్నాన్న, "ఆ రైతుకి సెప్పొదినా, నాకినబడిందని." మా అమ్మ చేట కింద పడేసి, "నానేటి మీ ఇద్దరికీ మైకునా?" అనేది. మేము నవ్వేవాళ్ళం. నవ్వాల్సిన విషయం కాదని నాన్న గుండె ఆగి పోయిన రోజున తెలిసింది. చిన్నాన్న పాడె మోశాడు, చితి దగ్గర చివరిదాకా నిలబడ్డాడు, నోరు మాత్రం తెరవలేదు. ఇంటికొచ్చి తన వాటా తలుపు వేసుకున్నాడు.

ఆ తరవాత చిన్నాన్నకు కాళ్ళు వాచాయి. మా ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే రెండో ప్రశ్న ఎవరూ అడగరు, వీధికి రెండు మూడు ఇళ్ళలో ఆ కిడ్నీ జబ్బు చూసినవాళ్ళమే. నీళ్ళ వల్ల అని కొందరు, మందుల వల్ల అని కొందరు, తేల్చి చెప్పినవాళ్ళు మాత్రం లేరు. నేనప్పటికి ఎమ్మే అయి టెక్కలిలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సెలవు పెట్టి, పలాసలో రైలెక్కించి, రక్తం శుద్ధి చేసే మిషను కోసం ఆయన్ని విశాఖపట్నం తీసుకెళ్ళి తీసుకొచ్చేదాన్ని. ఇంట్లో ఉప్పు తగ్గించమంటే మా అమ్మ అందరికీ తగ్గించేసింది. నీళ్ళు ఆయనకు రోజుకు ఒక చిన్న చెంబు. ఆ చెంబు మీద ఆయనకంటే అమ్మకే కాపలా ఎక్కువ. "బాబూ, అది సాయంత్రం వాటా," అని వంటింట్లోంచే అరిచేది.

మిషను సూదులకు వీలుగా మణికట్టు దగ్గర నరాలు కలిపి కుడతారు. మొదట ఎడమ చేతికి కుట్టారు. కొన్నాళ్ళకు అది పూడుకుపోతే, మెడ దగ్గర తాత్కాలికంగా ఒక గొట్టం పెట్టారు. ఇక కుడి చేతికి కుట్టాలన్నాడు డాక్టరు. కుట్టాక ఆ చెయ్యి మిషనుదే, దాంతో బరువెత్తకూడదు, చాచి పట్టుకుని ఉండకూడదు. చిన్నాన్న సరే అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, కుడి చెయ్యి చాచి, వేలు దూరంగా ఒక తాటిచెట్టు మీద నిలిపి, ఒక కన్ను మూశాడు. నేను చూస్తున్నానని తెలిసి చెయ్యి దించేసి, "ఏటి సూత్తావు, ఏరుసెనక్కాయలు కొను," అన్నాడు. ఆయన అవి తినకూడదు.

ఇంటికొచ్చి అమ్మకు ఈ సంగతి చెప్పాను. అమ్మ కాసేపు పొయ్యిలో పుల్లలు సర్దింది. తరవాత అటక కింద బల్ల వేసి, "ఎక్కు. ఆ మూలన ఊక బస్తాలో జాడీ ఉంటాది, దింపు," అంది. ఆవకాయ జాడీ. మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పితే లోపల కూడా ఊకే, దాని మధ్యలో తారు ముద్దలాంటిది ఒకటి కనిపించింది. చేతికి తీసుకున్నాక పిడి ఆకారం తెలిసింది.

"మరి సంద్రంలో పారేసేడన్నారు?"

"పారేత్తాడేటి? మీ నాన్న అగ్గిపుల్ల పారెయ్యడు," అంది అమ్మ. "అన్నీ సద్దుకున్నాక తమ్ముడికి ఇచ్చీద్దాం అన్నాడు. సద్దుకునేలోగా ఆయనే పోనాడు. నాకా, బయటికి తియ్యాలంటే ఇప్పటికీ బయమే."

నల్లగా ఉన్నది జీడినూనె. జీడిపిక్క తొక్కలోంచి తీసే నూనె. మా తీరాన పడవల అడుగుకు పూస్తారు, వాసాలకు పూస్తారు, గుమ్మాలకు పూస్తారు. చెద పట్టదు, ఉప్పుగాలి అంటదు. కర్రకు దాన్ని మించింది లేదు. మా నాన్న ఆ నమ్మకంతోనే ఇనుముకూ పూశాడు, స్ప్రింగుకూ తోలుకూ పట్టించాడు. అది ఏళ్ళ తరబడి ఎండి లక్కకంటే గట్టిపడి, గొట్టం విరవనివ్వకుండా, మీట కదలనివ్వకుండా, రాసి ఉన్న అక్షరాలు కనబడనివ్వకుండా చేసింది. నాకు కోపం ఆగలేదు. చిన్నాన్న ముందు పెట్టి, "సూడు సిన్నాన్నా, పూసి పూసి సంపేసినాడు దీన్ని," అన్నాను.

చిన్నాన్న దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. గోటితో అంచు దగ్గర గీకాడు. 

"మూడు పూతలేసేడే," అన్నాడు చివరికి. "పడవకి కూడా రెండే వేత్తారు."

మా అమ్మ వసారా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆయన ఆవిడ వైపు చూడకుండా, "అన్నయ్య ఇంత పని సేసి, నాకెందుకు సెప్పనేదొదినా?" అని అడిగాడు. పక్క వాటా మనిషిని ఆ మైకు మీదుగా 'ఆ రైతు' అని పిలిచినన్నాళ్ళ తరవాత, ఆయన నోట అన్నయ్య అన్న మాట నేను విన్నది అప్పుడే. అమ్మ లోపలికి వెళ్ళి, కొబ్బరినూనె, బూడిద పళ్ళెం తెచ్చింది. జీడి ఒలిచే ఆడవాళ్ళు జీడినూనెకు చేతులు కాలకుండా అవి పట్టించుకుంటారు. "గీకుదాం పట్టండి. సెయ్యి కోత్తారంట గదా, టైము నేదు," అంది.

అలా మొదలుపెట్టాం. కత్తి పెడితే అక్షరాలు పోతాయని చిన్నాన్న వెదురు పుల్లలు చెక్కి ఇచ్చాడు. మూకుడులో ఇసక వేడిచేసి, అందులో పిస్తోలు పాతిపెట్టి, మెత్తబడ్డ మేర గీకడం, కిరసనాయిలు గుడ్డతో తుడవడం, మళ్ళీ ఇసక. ఇల్లంతా ఆ ఘాటు. నాకు మెడ మీద దద్దురు లేచింది, అమ్మకు వేళ్ళు పొక్కాయి. గొట్టం విరిగిన రోజున పండగలా ఉంది కానీ, లోపల పిస్టన్ తల మీద తోలు వేయించిన అప్పడంలా పొడైపోయింది. దాని కొలత తెలియాలంటే పిస్తోలు పేరు తెలియాలి. తాతకు అది దొర పిస్తోలు, అంతే. చిన్నాన్న అన్నేళ్ళు కాల్చినా పేరు చదవలేదట. "దానికి పేరెందుకే, మన ఇంట్లో ఒకటే గదా," అన్నాడు. వెనక గురి పలక కింద నలుపు తీసేసరికి అక్షరాలు బయటపడ్డాయి. వాటి మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. పిడి మీది నలుపు కూడా గీకబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అది ఉండ్నీ," అన్నాడు. ఎందుకని అడగలేదు. అడగకుండా ఊరుకున్న సందర్భాలు నా జీవితంలో తక్కువ.

విశాఖపట్నంలో చిన్నాన్న మిషను మీద ఉన్న గంటల్లో ఆ కాగితం పట్టుకుని గాలి తుపాకులు అమ్మే కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన కళ్ళజోడు సవరించుకుని, లావుపాటి పాత పుస్తకం ఒకటి తిరగేసి, బొమ్మ చూపించాడు. మాదే. పిడికి బొటనవేలు ఆనే చోటు కూడా అదే.

"యుద్ధానికి ముందు జర్మనీ సరుకమ్మా. పందేల కోసం చేసింది. దీన్ని చేసినవాళ్ళే దీన్ని మర్చిపోయి ఉంటారు. వాషరు కలకత్తాకి రాస్తాను, రెండు మూడు నెలల్లో వస్తే వచ్చినట్టు."

"అన్ని నెలలు మాకు లేవండీ."

"అంత తొందరేముంది? పైగా ఆడపిల్లవి, నీకెందుకిది? శుభ్రంగా తుడిచి గోడకి తగిలించుకోండి, అందంగా ఉంటుంది."

"గోడకి తగిలించడానికి మా ఇంట్లో పోయినవాళ్ళ ఫొటోలు చాలా ఉన్నాయండీ. దీన్ని కాల్చాలి," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పుస్తకం నా వైపు తిప్పాడు. కోసి చూపించిన బొమ్మలో వాషరు గిన్నెలా ఉంది, అంచు ముందుకు తిరిగి ఉంది. కొలతలు రాసుకున్నాను. అదే కొట్లో సీసపు గుళ్ళ డబ్బా కొన్నాను. సలహా మాత్రం అక్కడే వదిలేశాను.

కాశీబుగ్గ బజారులో పంపు స్టవ్వు వాషరు దొరికింది, చిన్నదైంది. సైకిలు పంపుది పలచనై మొదటి తోపుకే చిరిగింది. అప్పుడు చిన్నాన్న పెరట్లో మూలపడ్డ పాత బోరింగు పంపు తోలు తెమ్మన్నాడు. అరచెయ్యంత వెడల్పు, మందం, ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని నాని సాగిన తోలు. నేను ఒప్పుకోలేదు.

"ఆ బోరింగు నీళ్ళు తాగే గదా సిన్నాన్నా నీకీ గతి పట్టింది. దాని తోలు నాకొద్దు."

"నీళ్ళే అని ఎవడు తేల్చినాడే? అలగే అనుకో, నీళ్ళ తప్పుకి తోలుకేటి సిచ్చ?"

"ఒలే, ఆయనతో కూడా వాదనేనా నీకు?" అని అమ్మ కసిరింది. తోలు తెచ్చాను. ఆయన చెప్పినట్టు గుండ్రంగా కోసి, నానబెట్టి, కొయ్య మేకు తలకు వంచి, దారంతో కట్టి నీడన పెట్టాను. ఎండలో పెడితే బిగుసుకుని పగులుతుందట. గాలికి నెమ్మదిగా ఆరాలి, ఆరాక నూనెలో మగ్గాలి, అప్పుడే తొడగాలి. ఆ ఉప్పు తేమలో ఏది త్వరగా ఆరుతుంది? వేలితో నొక్కి చూస్తే ఇంకా చల్లగానే తగిలేది.

ఈలోగా పక్కింటి ఫోనుకు ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది, మంచం ఖాళీ అయింది, చెయ్యి కుట్టడానికి మర్నాడే రమ్మని. ఫోను పట్టుకుని నేను పోట్లాడాను. వారం ఆగండన్నాను. వారం ఆగితే మీ పేషెంటు ఆగుతాడా అని అటువైపు మనిషి ఎదురు అడిగాడు. ఫోను పెట్టేశాను. వెనక్కి వచ్చి, "ఉన్నదున్నట్టు తొడిగీద్దాం సిన్నాన్నా, ఒక్క గుండు కాల్చి ఎలదాం," అన్నాను. అమ్మ కూడా తలూపింది. చిన్నాన్న మేకు చేతిలోకి తీసుకుని బొటనవేలితో తోలు నొక్కాడు.

"తడే ఉంది. ఇప్పుడెక్కిత్తే మొదటి దెబ్బకే మడతడిపోద్ది. ఇంత పని సేసి పాడుసేత్తామేటి?" మేకును మళ్ళీ నీడన పెట్టి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పద, రైలుకి టైమవుతాది."

ఇప్పుడు పలాసలోనే ఆ మిషన్లు ఉన్నాయి. కుళాయిల్లో ఎక్కడో దూరపు నది నీళ్ళు వస్తున్నాయి. మా కాలేజీ పిల్లలు గురి పందేలకు వెళ్తే చిల్లు లెక్కపెట్టే మనిషి కూడా అక్కర్లేదు, తెర మీద అంకె దానంతటదే పడుతుంది. మంచిదే, కాదని ఎవరంటారు? అప్పటి రోజులే బాగుండేవని ఎవరైనా నా ముందు అంటే ఊరుకోను. ఆ రైలు పెట్టెలో కాళ్ళు చాపుకునే చోటు లేక, తాగడానికి నీళ్ళు లేక ఆయన పడ్డ అవస్థ వాళ్ళు చూడలేదు. నేనడిగేది ఒకటే. ఇవన్నీ రావలసినవే అయితే, అంత ఆలస్యంగా ఎందుకు వచ్చాయి? ఆ ఆలస్యంలో మా వీధిలో ఎవరెవరు పోయారో వేళ్ళ మీద చెప్పగలను. 

విశాఖపట్నం నుంచి తిరిగొచ్చేసరికి తోలు ఆరింది. చిన్నాన్న కుడి చేతికి మోచేతి దాకా తెల్లటి కట్టు. నేను తోలును నూనెలో మగ్గబెట్టి, ఆయన చెబుతుంటే పిస్టన్‌కు తొడిగాను. వసారాలో కూర్చుని చూస్తున్నాడు, అంతకన్నా ఏమీ చెయ్యలేడనుకున్నాను. నన్నే కాల్చమంటాడని, నేను కాలిస్తే ఆయన చూసి సంతోషిస్తాడని, అదొక రకం ముగింపు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆయన మాత్రం లేచి నిలబడి, "శుభలేకలేటైనా ఉన్నాయేటి ఒదినా?" అని అడిగాడు. అమ్మ దేవుడి గూటి వెనక నుంచి ఒకటి తీసిచ్చింది. జీడిచెట్టుకు గుచ్చి వచ్చాను.

"గొట్టం ఇరిసి ఇయ్యి," అన్నాడు. విరిచి, గుండు పెట్టి, మూసి ఇచ్చాను. ఎడమ చేత్తో తీసుకున్నాడు.

పూడిపోయిన కుట్టు మచ్చలతో ఆ చెయ్యి సన్నగా ఉంది.  పిడి కుడిచేతి బొటనవేలి కోసం చేసింది, ఎడమ చేతిలో ఎటు పట్టినా ఒదగలేదు. ఊపిరి సగం వదిలి, మీట నొక్కాడు. టప్పుమని మోగింది. బోరింగు తోలు గాలి పట్టింది! నేను అరిచాను. అట్ట వైపు చూస్తే ఒక్క చిల్లూ లేదు. చెట్టు బెరడు మీదా లేదు.

"ఓలమ్మ, అట్టకే కాదు, తోటకే తగల్నేదు బాబూ," అంది అమ్మ.

చిన్నాన్న నవ్వాడు. మేము ఆయన్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో. "ఇంకోటి పెట్టు," అన్నాడు. పెట్టాను. అదీ పోయింది. మూడోది కొబ్బరిమట్టకు తగిలి ఎటో పడింది. ఒక్కో గుండుకూ మధ్య కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. కుడిచేతి అలవాటుతో నిలబడుతున్నానని కనిపెట్టి పాదాలు మార్చుకున్నాడు, మెడ ఎటు తిప్పాలో తెలియక తనను తానే తిట్టుకున్నాడు, డ్రిల్లులో తప్పడుగు వేసిన పిల్లాణ్ణి కసిరినట్టు. వెలుతురు తగ్గుతోంది, చాలని నేను పిస్తోలు తీసుకున్నాను. శుభలేఖ ఊడదీద్దామని చెట్టు వైపు నడిచాను.

"ఒలే, అట్ట తియ్యకు," అని వెనక నుంచి కేకేశాడు. "అలగే ఉండ్నీ. రేపు పొద్దున్నే ఇంకోపాలి సూత్తాను."